క్వార్టరు దాటిన పిమ్మట: భిలాయిలో సొంత ఇల్లు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణము ముగిసిన వెంటనే ఇండ్ల కొనుగోలును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, కవిసమ్మేళనము జరుగవలసిన వేదికపై ఈ విషయము పొసగునా అని సంశయించితిని. "ఆదాయ వ్యయములు వినిన పిమ్మట వినదగినది ఇదియే కదా!" అని వారు నా నోరు మూయించిరి. నేను ఇండ్లు అమ్మువాడను కాను, అమ్మించువాడను కాను. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములో లెక్కల బల్లవద్ద ఉద్యోగకాలమంతయు గడపి విరమించినవాడను. ఋణపు దరఖాస్తులను, హిందీ దస్తావేజులను పట్టుకొని మన సభ్యులు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చుచుందురు. వారితో కూర్చుండి చదివినందున కలిగిన పరిచయమే తప్ప ఈ విషయమున నాకు వేరు పాండిత్యము లేదు.

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అనిరి పెద్దలు. మన తండ్రులు భిలాయిలో పెండ్లిండ్లు చేసి చూచిరి కాని, ఇల్లు కట్టి చూడవలసిన అగత్యము వారిలో చాలమందికి కలుగలేదు. ఆ సంగతితోనే ప్రారంభించెదను. మన తరమువారు ఇల్లు కొనునప్పుడు చూడవలసినవి కొన్ని చూడక విడిచిపెట్టుచున్నారు. దానికి కారణము అచ్చటనే ఉన్నది.

1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వమునకును సోవియట్ యూనియనుకును ఈ కర్మాగారమును గూర్చి ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ నాలుగేండ్లలోను, ఆ తరువాతను, నాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలనుండి మనవారు రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చు రైలెక్కి ఈ ప్రాంతమున దిగిరి. కొందరు మట్టిపనికి వచ్చిరి. కొందరు ఫిట్టర్లుగా, వెల్డర్లుగా వచ్చిరి. కొందరు గుమాస్తాలుగా వచ్చిరి. కర్మాగారము పెరిగినకొలది దాని చుట్టు రైల్వే యార్డు, తపాలా కార్యాలయములు, బ్యాంకులు, పన్నుల కార్యాలయములు పెరిగినవి. మనలో అనేకుల ఉద్యోగములు ఆ విధముగా ఏర్పడినవే.

ఊరిని సెక్టర్లుగా విభజించిరి. ప్రతి పిల్లవాడును బడికి నడచి పోగల దూరములో బడి ఉండెను. కూరగాయల అంగడి, ఆటస్థలము అట్లే ఉండెను. కుళాయి త్రిప్పిన నీరు వచ్చెడిది. ఆ నీరు తాందుల జలాశయమునుండి కాలువగుండ మరోదా చెరువులకు వచ్చి, అక్కడనుండి మన ఇంటికి వచ్చుచున్నదని చాలమందికి తెలియనే తెలియదు. తెలిసికొనవలసిన అవసరమును లేకపోయెను. జబ్బు చేసిన సెక్టరు 9లోని పెద్ద ఆసుపత్రి ఉండెను. దైవదర్శనము కావలయునన్న సెక్టరు 5లో బాలాజీ దేవాలయము కలదు. తండ్రి సైకిలుపై కర్మాగారపు ద్వారము చేరి, షిఫ్టు ముగిసినంతనే మరల ఇంటికి వచ్చెడివాడు. రైల్వేవారికి తమ కాలనీలు, తమ ఆసుపత్రి ఉండెను. ఇల్లు ఇచ్చిన చేయియే ఊరును గూడ ఇచ్చినది. ఆ ఇంటికి అద్దె కొద్దిగా ఉండెను. ఊరికి అద్దె లేనేలేదు.

ఇట్టి ఊరిలో పుట్టి పెరిగినవాడు ఇల్లు కొనబోవునప్పుడు గోడలు చూచును, గదులు చూచును, గచ్చు నునుపు చూచును, ఈశాన్యము చూచును. నీరు, బడి, వైద్యుడు, వీధిదీపము, మురుగుకాలువ, ఇరుగుపొరుగు — ఇవి గాలివలె ఎక్కడనైనను ఉండునని భావించును. క్వార్టరు మనకు చేసిన మేలు గొప్పది. అది నేర్పిన ఈ అలవాటు మాత్రము సొంత ఇంటివిషయమున ప్రమాదకరము. బయట కొనునప్పుడు ఇవియన్నియు విడివిడిగా కొనవలసియుండును. చదరపుటడుగు వెలలో అవి కనబడవు. కొన్న మరుసటి వేసవిలో కనబడును.

క్వార్టరు ఉద్యోగముతో వచ్చినది, ఉద్యోగముతో పోవును. ఉక్కు కర్మాగారమువారు 2000 తరువాతి తొలి సంవత్సరములలో కొన్ని క్వార్టర్లను తమ ఉద్యోగులకు దీర్ఘకాలపు లీజుపై ఇచ్చిరి. అది కొందరికి ఆశ్రయమైనది. అయినను లీజు లీజే, నేల తనది కాదు. రైల్వే, తపాలా, పన్నుల శాఖలవంటి కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో ఉన్న మనకు ఆపాటి వెసులుబాటును లేదు. పదవీ విరమణానంతరము కొన్ని నెలల గడువు, ఆ పిమ్మట తాళము అప్పగింత. పెట్టెలు కట్టుచు ఇల్లు వెదకువారిని నేను చూచితిని. గ్రాట్యుటీ సొమ్ము చేతిలో ఉన్నదని తెలిసిన మధ్యవర్తి వారిని ఎట్లు త్రిప్పునో గూడ చూచితిని. వెదకుటకు తీరికలేనివానికి వెల ఎప్పుడును హెచ్చుగనే ఉండును.

కావున మొదటి ప్రశ్న ఎక్కడ కొనవలెనన్నది కాదు. ఏ వయస్సున కొనవలెనన్నది. ఇక్కడ నా లెక్కల బల్లకు పోవలసియున్నది, ఓర్పు వహింపుడు.

కేంద్రోద్యోగులకు గృహనిర్మాణ ఋణము కలదు. 2017 నాటి నియమముల ప్రకారము ముప్పదినాలుగు నెలల మూలవేతనముగాని, 25 లక్షల రూపాయలుగాని, ఏది తక్కువయైన అంతవరకు ఇత్తురు. కట్టిన ఇల్లు కొనుటకును ఇది వర్తించును. వడ్డీ సాధారణ వడ్డీ, చక్రవడ్డీ కాదు. ఇందులో ఒక విశేషమున్నది. బ్యాంకువారు ప్రతి వాయిదాలోను ముందు వడ్డీ గ్రహించి మిగిలినది అసలుకు జమకట్టుదురు. ప్రభుత్వమువారు ముందు అసలును 180 వాయిదాలకు మించకుండ గ్రహించి, ఆ తరువాత వడ్డీని 60 వాయిదాలకు మించకుండ గ్రహింతురు.

ఉదాహరణకు 18 లక్షలు తీసికొన్నారనుకొనుడు. పదునైదేండ్లు నెలకు పదివేల చొప్పున అసలు తీరిపోవును. 2017లో నిర్ణయించిన 8.5 శాతము వడ్డీని పట్టి చూచిన, ఆ పదునైదేండ్లలో పేరుకొన్న వడ్డీ సుమారు 11 లక్షల 54 వేలగును. దానిని అరువది నెలలలో చెల్లింపవలెనన్న నెలకు పందొమ్మిదివేల పైచిలుకు. అనగా చివరి అయిదేండ్ల వాయిదా మొదటి వాయిదాకు ఇంచుమించు రెండింతలు! వడ్డీ రేటు ఆ తరువాత మారుచు వచ్చినది; మీరు దరఖాస్తు చేయునాటి రేటు వేసికొని ఇదే లెక్క కట్టుకొనవచ్చును. నలుబదవ ఏట తీసికొన్నవానికి ఈ భారము ఏబదియైదు నుండి అరువది వరకు పడును. అది పిల్లల పెండ్లిండ్ల కాలము. జీతము అప్పటికి పెరిగియుండుననుట నిజమే, ఖర్చును పెరిగియుండును. ఏబదవ ఏట తీసికొన్నవానికి వాయిదాలు చాలక, మిగిలిన బాకీ గ్రాట్యుటీనుండి పోవును. దీనిని బట్టి నా అభిప్రాయము చెప్పుచున్నాను: కొనదలచినవారు ముప్పదియైదు దాటగానే చూచుట మొదలిడుట మేలు. చూచుటకే రెండు మూడేండ్లు పట్టును, పట్టవలెను గూడ.

దంపతులలో భార్య పేరను, లేక ఇరువురి పేరను రిజిస్టరు చేయింపుడని గూడ చెప్పుదును. స్త్రీ పేర కొన్నయెడల ఈ రాష్ట్రమున రిజిస్ట్రేషను ఖర్చులలో కొంత తగ్గింపు కలదు. తగ్గింపు లేకపోయినను ఇదే చెప్పెదను. దినములో ఎక్కువ గంటలు ఆ ఇంటిలో గడపునది ఎవరో మీకు తెలియును.

ఇక స్థలము మాట. నగరమునకు వెలుపల నివాసముండి నిత్యము రైలుపై పనికి పోవు పద్ధతి మనము కనిపెట్టినది కాదు. లండనులో మెట్రోపాలిటన్ రైల్వే కంపెనీవారు తమ మార్గమువెంబడి ఉన్న పల్లెలకు 1915లో 'మెట్రోలాండ్' అని పేరుపెట్టి, అక్కడి పచ్చికబయళ్ళను, స్వచ్ఛమైన గాలిని వర్ణించుచు పుస్తకములు ముద్రించిరి. 1919లో ఇండ్లు కట్టి అమ్ముటకు అనుబంధ సంస్థనే స్థాపించిరి. ఇల్లు కొన్నవాడు జీవితాంతము తమ రైలుకు టిక్కెట్టు కొనునని వారి ఆలోచన. అమ్మువాని లాభము ఇంటిలోకంటె దారిలో ఎక్కువగా ఉండుట ఆనాడే కలదు. మన మదరాసునందు 1931లో బీచినుండి తాంబరము వరకు విద్యుత్తు రైలు నడచిన పిమ్మట మాంబళము, క్రోంపేట మున్నగునవి గుమాస్తాల ఊళ్ళుగా పెరిగినవి. మన బంధువులలో ఆ రైలు ఎక్కని కుటుంబము అరుదు.

భిలాయి దీనికి తారుమారైన ఊరు. ఇక్కడ పనియే ఊరి నడుమ ఉండెను. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడి రాయపూరు రాజధాని యైన పిమ్మట స్థితి మారినది. కార్యాలయములు అక్కడ పెరిగినవి, కళాశాలలు పెరిగినవి. 2012లో ఎయిమ్స్ ఆసుపత్రి వచ్చినది. ఇప్పుడు భిలాయిలో నివసించి రాయపూరులో పనిచేయువారు మనలో ఎందరో కలరు. దుర్గు, భిలాయినగర్, పవర్ హౌస్, భిలాయి-3, కుమ్హారీ, ఆపై ఖారూన్ నది దాటిన రాయపూరు — రైలుమార్గము నలుబది కిలోమీటర్లకు మించదు. దగ్గరే కదా అనిపించును. ఇంటినుండి స్టేషనుకు, స్టేషనునుండి కార్యాలయమునకు పట్టు కాలము, గూడ్సుబండి ముందు పోవువరకు మన బండి ఆగు కాలము కలిపి చూడుడు. రాకపోకలకు దినమునకు రెండున్నర గంటలనుకొన్నను, ఏడాదికి 240 పనిదినములకు 600 గంటలు. అనగా ఇరువదియైదు రేయింబవళ్ళు. ఇంటి వెలలో రెండు లక్షలు తగ్గెనని సంతోషించువాడు ఏటేట ఈ ఇరువదియైదు దినములను ఆ లెక్కలో వేసికొనుట నేను చూడలేదు.

ఒక కుటుంబమును ఊహింపుడు. భర్తకు రాయపూరు రైల్వే కార్యాలయములో ఉద్యోగము. భార్య దుర్గులో ఉపాధ్యాయిని. ఇద్దరికిని సమదూరముగా ఉండునని నడుమ కుమ్హారీవద్ద ఇల్లు కొనిరి. పటముమీద ఇంతకంటె న్యాయమైన పని లేదు. ఉదయము ఎనిమిది గంటలకు భర్త తూర్పునకు, భార్య పడమటికి పోవుదురు. పిల్లవాని బడి వేరొక దిక్కున ఉన్నది. మధ్యాహ్నము పిల్లవానికి జ్వరము వచ్చినదని బడినుండి కబురు వచ్చిన, తల్లికి గంట, తండ్రికి గంట. న్యాయము ఇద్దరికిని సమానముగా జరిగినది. పిల్లవానికి మాత్రము జరుగలేదు. ఇట్టి కుటుంబము ఇద్దరిలో ఒకరి పనికి, పిల్లవాని బడికి దగ్గరగా ఉండి, రెండవవారి ప్రయాణమును భరించుట మేలని నా నమ్మకము. ఆ రెండవవారు ఎవరన్నది దంపతులు తేల్చుకొనవలసిన విషయము. దానిలో నేను తలదూర్చను.

ఏ పేటను కొనవలెనని నన్ను సూటిగా అడుగువారు కలరు. నెహ్రూనగర్, స్మృతినగర్ ప్రాంతములు పెద్దరోడ్డుకు చేరువ. బడులు, వైద్యులు, అంగళ్ళు సమృద్ధి. వెలయు తదనుగుణముగనే ఉండును. రువాబాంధా, రిసాలీ వైపు రాష్ట్ర గృహనిర్మాణ మండలివారు తాల్పురి కాలనీ కట్టిరి. టౌన్‌షిప్పుకు ప్రక్కనే యగుటచేత పాత స్నేహములు తెగవు. భిలాయి-3, చరోదాలు రైల్వేవారికి అనుకూలము. దుర్గులో పద్మనాభపూరు, బోర్సీ వైపు స్థిరపడినవారును ఉన్నారు. ఇందులో మంచిది చెడ్డది అని లేదు. మీ కుటుంబమునకు ఏది దగ్గరయన్నదే ప్రశ్న. ఒక్క సంగతి మరువరాదు: చూచుటకు ఇది అంతయు ఒకే ఊరు, పాలనలో మాత్రము దుర్గు, భిలాయి, రిసాలీ, భిలాయి-చరోదా నాలుగు వేర్వేరు నగరపాలక సంస్థలు, కుమ్హారీ మరొక పురపాలక సంఘము. నీరు, చెత్త, వీధిదీపము, ఇంటిపన్ను ఎవరిని అడుగవలెనో వీధి దాటిన మారిపోవచ్చును. కొనబోవు ఇల్లు ఎవరి పరిధిలోనిదో ముందుగనే తెలిసికొనుడు.

ఇంటిని ఎన్నడు చూడవలెనన్నది నా దృష్టిలో వెలకంటె ముఖ్యము. మధ్యవర్తి మనలను ఆదివారము ఉదయము, కార్తికమాసపు ఎండలో తీసికొనిపోవును. ఆ వేళ ఏ ఇల్లయినను అందముగనే ఉండును. ఆ ఇంటికే మీరు మే నెలలో మధ్యాహ్నము రెండు గంటలకు ఒంటరిగా పొండు. పై అంతస్తులో పది నిమిషములు నిలువుడు. ప్రక్కింటివారి కుళాయి త్రిప్పి చూడుడు. బోరుబావి ఎన్ని అడుగులు త్రవ్విరో, వేసవిలో ట్యాంకరు వచ్చుచున్నదా అని ఆ ఇంటి ఇల్లాలిని అడుగుడు. అమ్మువాడు చెప్పని మాట ఆమె చెప్పును. ఆషాఢ శ్రావణములలో పెద్దవాన కురిసిన మరునాడు పొండు. వీధిలో నీరు ఎటు పోవుచున్నదో, అసలు పోవుచున్నదో లేదో చూడుడు. ఈశాన్యమును ఎంత శ్రద్ధతో చూచెదరో మురుగుకాలువ వాలును అంత శ్రద్ధతో చూచిన, వాస్తుపురుషుడు తప్పక సంతోషించును. రాత్రి తొమ్మిది గంటలకు పొండు. దీపములు వెలుగుచున్నవా? ట్యూషను ముగించుకొని మీ అమ్మాయి ఆ వీధిలో ఒంటరిగా రాగలదా? ఉదయము పదునొకండు గంటలకు పొండు, అప్పుడు వీధిలో ఎవరున్నారో చూడుడు. మనము కార్యాలయమునకు పోయిన పిమ్మట మీ తల్లిగారు మెట్లమీద జారిపడిన, కేక వినువారు ఆ పొద్దున ఆ వీధిలో ఎవరు? ఈ చివరి ప్రశ్నను ఏ బ్రోషూరులోను ముద్రింపరు.

సెక్టరులో ఈ ప్రశ్న పుట్టలేదు. గోడకు అవతల తెలుగువారు, ఇవతల బెంగాలీలు, ఎదుట మలయాళీలు, వెనుక ఛత్తీస్‌గఢీవారు. అందరును ఒకే షిఫ్టు గడియారమున బ్రదికిరి. ఇప్పటి క్రొత్త కాలనీలలో ఇండ్లు ఉదయము తాళము పడి సాయంకాలము తెరచుకొనును. ప్రహరీగోడ, ద్వారమున కాపలావాడు ఉన్నంతమాత్రమున పొరుగు ఏర్పడదు. ఇరువురు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకే వీధిలో కొన్నచో దానికంటె మంచిది లేదు. అట్లు కొన్న మనవారు కొందరు ఈ సభలోనే ఉన్నారు, వారి ముఖములు చూచుచున్నాను.

కాగితముల విషయము కొంచెము కఠినముగా చెప్పవలసియున్నది. మన రాష్ట్రమున పట్టా, అడంగలు అని వినిన చెవులకు ఇక్కడి ఖస్రా, బి-1, నక్షా అను మాటలు వింతగా ఉండును. అవి అర్థమునందు మన మాటలకు చుట్టములే. ఖస్రా అనగా పొలము సంఖ్య, దాని వివరము. బి-1 అనగా ఖాతాదారుని పేర ఉన్న భూమి లెక్క. ఈ రెండింటిని పట్వారీవద్దగాని, ప్రభుత్వమువారి 'భుయియాఁ' దాఖలాలోగాని సరిచూడవచ్చును. నివాసమునకు అమ్ము భూమి వ్యవసాయమునుండి నివాసార్థము మార్పబడి ఉండవలెను. దీనినే ఇక్కడ డైవర్షను అందురు. లేఅవుటుకు 'నగర తథా గ్రామ నివేశ్' శాఖవారి అనుమతి ఉండవలెను. వరిపొలములో సున్నపుగీతలు గీచి, ముప్పది అడుగుల రోడ్డు అని చూపి, తుండ్లు తుండ్లుగా అమ్మువారు కలరు. కాగితమున ఆ రోడ్డు ఉండదు. అది ఇంకను పొలమే. ఆ తుండుకు బ్యాంకు ఋణము రాదు, నీటి కనెక్షను రాదు. వెల తక్కువ యనుట నిజమే. ఏమియు లేనిదానికి వెల తక్కువగనే ఉండవలెను గదా.

ఇది ఆదివాసుల రాష్ట్రము. 1959 నాటి భూమిశిస్తు సంహిత 165వ విభాగము ఆదివాసుల భూమి ఇతరులకు బదిలీ కాకుండ కట్టుబాటు చేయుచున్నది. కొన్ని ప్రాంతములలో అట్టి బదిలీ అసలే కూడదు. తక్కినచోట కలెక్టరుగారి అనుమతి కావలయును. భూమి పూర్వము ఎవరిదో రెండు మూడు చేతులు వెనుకకు పోయి చూడుడని చెప్పుట ఇందుకే. ఇది మన సొమ్మును కాపాడుకొనుటకు మాత్రమే కాదు. పొరుగురాష్ట్రమునుండి వచ్చి ఈ నేల అన్నము తినినవారము. ఈ నేలవాని హక్కును తొక్కి అరుగు కట్టుకొనుట మనకు తగదు.

కట్టుచున్న ఇంటిని కొనువారికి 2016 నాటి స్థిరాస్తి చట్టము, వాడుకలో 'రేరా', కొంత అండ. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమున గాని, ఎనిమిదింటికి మించిన ఫ్లాట్లతో గాని కట్టు పథకము రిజిస్టరు కావలెను. వ్రాతపూర్వకమైన ఒప్పందము లేనిదే వెలలో పదవవంతుకు మించి తీసికొనరాదు. కొనుగోలుదార్ల సొమ్ములో డెబ్బది శాతము ప్రత్యేకపు ఖాతాలో ఉంచి ఆ కట్టడమునకే వినియోగింపవలెను. వెల చెప్పునప్పుడు గోడల లోపలి కార్పెట్ వైశాల్యమును చెప్పవలెను. ఆ రిజిస్ట్రేషను సంఖ్యను అడుగుటకు మనవారు మొగమాటపడుదురు. ఒక సభ్యుడు అడిగినప్పుడు ఆ అమ్మకపువాడు "బాబూజీ, మీకు మామీద నమ్మకము లేదా?" అనెనట. మన సభ్యుడు "నమ్మకమున్నది, సంఖ్యయు కావలయును" అనెను. ఆ సభ్యుడు తపాలాశాఖవారు. రసీదు లేనిదే కవరు తీసికొనని అలవాటు.

ఇక చివరి సంగతి. ఇల్లు ఎవరికొరకు? ఇది అడుగుటకు నాకును సంకోచముగనే ఉన్నది. మన పిల్లలు ఇక్కడి బడులలో చక్కగా చదివి, హైదరాబాదునకు, బెంగుళూరునకు, సముద్రములకు ఆవలకు పోవుచున్నారు. పోవలెను గూడ. అయినను మనము ఇల్లు కొనునప్పుడు క్రింద మనకు రెండు గదులు, పైన పెద్దవానికి రెండు, చిన్నవానికి రెండు అని లెక్క వేయుదుము. అట్లు కట్టిన ఇండ్లు ఈ ఊరిలో నేనెన్నో చూచితిని. పై అంతస్తు తలుపు ఏడాదికొకమారు, సంక్రాంతికో దసరాకో, తీయుదురు. తక్కిన దినములలో వృద్ధదంపతులు మోకాలినొప్పులతో ఆ మెట్లెక్కి దుమ్ము దులుపుచుందురు. ఆ రెండవ అంతస్తు సొమ్ముతో మంచి నీరు, మంచి పొరుగు, నడచిపోవు దూరములో వైద్యుడు ఉన్న చోట చిన్న ఇల్లు వచ్చియుండెడిది.

మరికొందరు ఇక్కడ కొననే కొనరు. శ్రీకాకుళము దరినున్న స్వగ్రామములో ఇల్లు కట్టి, విరమించిన పిమ్మట అక్కడికి పోవుదమని ముప్పదియేండ్లు అనుకొనుచుందురు. కొందరికి అది నిజముగా సరియైనదే: అన్నదమ్ములు అక్కడ ఉన్నవారికి, సేద్యము ఉన్నవారికి. మిగిలినవారు తమను తాము ఒకసారి ప్రశ్నించుకొనవలెను. ఆ ఊరిలో మీ పేరు తెలిసినవారు ఎందరు మిగిలిరి? మీ భార్యగారికి స్నేహితురాండ్రు ఎక్కడ ఉన్నారు? మందులిచ్చు వైద్యుడు, పాలు పోయు మనిషి, సాయంకాలము కూర్చుండు బల్ల ఎక్కడ ఉన్నవి? దూరమును గూర్చిన బెంగ పూర్వమువలె ఉండనక్కరలేదు. 2024 సెప్టెంబరునుండి దుర్గు, విశాఖపట్నముల నడుమ వందే భారత్ బండి గూడ నడుచుచున్నది. పుట్టినయూరికి పోయివచ్చుట సులభమైనప్పుడు అక్కడనే ఉండితీరవలెనను పట్టు కొంత సడలవచ్చును. భిలాయిలో ఇల్లు కొనుటయనగా ఈ ఊరు మనదని ఒప్పుకొనుట. చాలమంది వాయిదా వేయుచున్నది డబ్బు లేక కాదు. ఆ మాట పైకి అనలేక. మన పెద్దలు ఇక్కడ గుడి కట్టిరి, బడులలో తెలుగు చెప్పించిరి, నాటకములాడిరి, సంఘములు స్థాపించిరి. ఆ మాట వారు ఎన్నడో అనిరి, దస్తావేజు మాత్రము వ్రాయలేదు.

కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు. గృహనిర్మాణ ఋణపు దరఖాస్తు నమూనాలు కొన్ని తెచ్చితిని. సభ ముగిసిన పిమ్మట, పులిహోర పంచు బల్లకు ప్రక్కన కూర్చుందును. హిందీ దస్తావేజులు చదువుకొనుటకు కష్టపడువారు వాటిని ఏ ఆదివారమైనను మా ఇంటికి తెచ్చిన, కలిసి చదువుదము. బయానా ఇచ్చిన తరువాత కాక, ఇచ్చుటకు ముందే తెమ్మని ప్రార్థన. సెలవు.